జిమ్ సూది మానడానికి ఓపీ వైద్యం: నల్లగొండలో నా అనుభవం

మెఫెంటర్మైన్ సల్ఫేట్ ఆపరేషన్ థియేటర్ మందు. వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే పైకి తేవడానికి, మానిటర్ చూసుకుంటూ కొన్ని మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. 10 మిల్లీలీటర్ల సీసాలో, మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున దొరుకుతుంది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా జిమ్ముల్లో చేతులు మారుతూనే ఉంది. వేసుకుంటే అలసట తెలియదు, బరువు లేస్తుంది, అద్దంలో నరాలు తేలి కనిపిస్తాయి. యాంఫెటమైన్‌కు దగ్గరి చుట్టం, అంటే ఉత్తేజం ఇచ్చి అలవాటు చేసే జాతి మందు కాబట్టి కొన్నాళ్లకు జిమ్‌కు పోని రోజు కూడా కావాలనిపిస్తుంది. నిద్ర తగ్గుతుంది, అనుమానాలు మొదలవుతాయి, చేతి నరాలు గట్టిపడతాయి.

నేను నల్లగొండలో ఇంటి దగ్గరే ఉండి, ఓపీలో చూపించుకుంటూ దీన్ని మానాను. ఏ దశలో ఏం జరుగుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో తెలిస్తే ఇంకొకరికి పని తేలికవుతుందని రాస్తున్నాను. ఐస్ (మెథాంఫెటమైన్), కొకైన్ వాడేవాళ్లకూ చాలావరకు ఇదే దారి.

ముందు తెలుసుకోవాల్సింది, ఈ జాతి మందులకు విరుగుడు గోలీ లేదు. హెరాయిన్ అలవాటైనవాళ్లకు బ్యుప్రినార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. వీటికి అలాంటిది ఒక్కటి కూడా ఆమోదం పొందలేదు. ఐస్ వాడేవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక పెద్ద పరీక్ష 2021లో అచ్చయింది. నాల్ట్రెక్సోన్ సూది, బ్యుప్రోపియాన్ గోలీ కలిపి ఇస్తే 13.6 శాతం మందికి గుణం కనిపించింది, మందు లేని ఉత్త సూది, గోలీ ఇచ్చినవాళ్లలో 2.5 శాతం మందికి. తేడా ఉంది, కానీ దాని మీదే ఆధారపడేంత లేదు. అందుకే ఇంట్లోవాళ్లు "ఏదైనా గట్టి మందు రాయండి సారూ" అని బతిమాలినా డాక్టరు చీటీలో రెండు మామూలు గోలీలు రాసి, వారానికోసారి రమ్మంటారు. ఆ వారం వారం రావడమే అసలు వైద్యం. దాన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లు మొదటి నెలలోనే తప్పిపోతారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి మానసిక వైద్యం కోసం హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని తగ్గింది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. చీటీ కౌంటర్ దగ్గర "సైకియాట్రీ ఓపీ" అంటే చాలు, ఎందుకని వరుసలో అందరూ వినేలా చెప్పనక్కర్లేదు. లోపలికి వెళ్లేటప్పుడు వాడిన సీసా గానీ దాని ఫొటో గానీ, ఇంట్లో వాడుతున్న ప్రతి గోలీ అట్ట, పాత ఈసీజీ ఉంటే అదీ తీసుకెళ్లాలి. వెంట ఒక్కరు చాలు. నలుగురు బంధువులు గదిలోకి వస్తే నిజం బయటికి రాదు.

పోలీసులకు చెప్తారేమోనన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మాదకద్రవ్యాల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితి కూడా ఉంది. 23వ సెక్షన్ కింద రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ఐస్, కొకైన్ వంటివి వాడి, తక్కువ మోతాదుతో పట్టుబడినవాళ్లు తమంతట తాము సర్కారు నడిపే లేదా గుర్తించిన చోట చికిత్స తీసుకుంటే మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు.

మొదటి రోజు ఎక్కువ సమయం ప్రశ్నలకే పోతుంది. ఏ మందు, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు, నరంలోకా కండలోకా, ఇంకేం వాడుతున్నారు. ఈ చివరి ప్రశ్నకు మన ప్రాంతంలో అబద్ధం చెప్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకంటే సూది వేసుకున్న రాత్రి నిద్ర పట్టదు. నిద్ర కోసం చాలామంది ఆల్ప్రాజోలం గోలీకో, కల్లుకో అలవాటు పడతారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం పాత పీడ. "నేను గోలీలు ముట్టను, సాయంత్రం రెండు సీసాల కల్లే" అన్న మనిషి ఒంట్లో కూడా ఆల్ప్రాజోలం అలవాటు ఉండొచ్చు. సూదితో పాటు కల్లు కూడా ఒకే రోజు బంద్ చేస్తే రెండు రకాల బాధ కలిసి వస్తుంది, వాటికి చేయాల్సింది వేరువేరు. సూది మందు దిగినప్పుడు మనిషి మొద్దులా నిద్రపోతాడు, ఆకలి విపరీతంగా ఉంటుంది, ఎవరితో మాట్లాడడు. దానివల్ల ఒంటికి ప్రాణాపాయం సాధారణంగా రాదు. కల్తీ కల్లు లేదా ఆల్ప్రాజోలం దిగినప్పుడు అసలు నిద్రే పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. మానిన రెండు మూడు రోజుల్లో ఈ రెండో రకం కనిపిస్తే ఇంట్లో ఉంచొద్దు, అడ్మిట్ చేయాలి. ముందే చెప్పినవాళ్లకు డాక్టరు ఆ జాతి మందే లెక్కగా ఇచ్చి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఆ తగ్గింపు వారాల తరబడి సాగుతుంది, తొందరపడకూడదు.

జిమ్ నుంచి వచ్చినవాళ్లు చెప్పడం మరిచిపోయేది ఇంకొకటి ఉంది, స్టెరాయిడ్లు. టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్ సూదులు బయటి నుంచి తీసుకుంటే ఒంట్లో సొంతంగా తయారయ్యేది తగ్గిపోతుంది. అవి ఆపాక నెలల పాటు నీరసం, దిగులు, కోరిక లేకపోవడం ఉంటాయి. డాక్టరుకు చెప్పకపోతే అదంతా సూది మానినందువల్లే అనుకుని ఒకటి తర్వాత ఒకటి దిగులు మందులు మారుస్తారు. చెప్తే పొద్దున పూట టెస్టోస్టిరాన్ పరీక్ష రాస్తారు, అవసరమైతే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపుతారు.

పరీక్షలు రాసేటప్పుడు బీపీ, నాడి, ఈసీజీ తప్పనిసరిగా ఉంటాయి. గుండె దడ, ఆయాసం ఉంటే టూడీ ఎకో. రక్తంలో కిడ్నీ, లివర్, షుగర్. కండరాల నొప్పితో పాటు మూత్రం కోలా రంగులో వస్తుంటే సీపీకే అనే కండరాల రక్త పరీక్ష కూడా చేస్తారు, ఎందుకంటే కండరం కరిగి కిడ్నీకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. సూది వాడినవాళ్లకు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు. "నా సిరంజి నాదే, ఎవరిదీ వాడలేదు" అని ధైర్యంగా ఉంటారు గానీ, 10 మిల్లీలీటర్ల సీసా నలుగురు పంచుకుంటారు. ఒకరి వాడిన సూది ఆ సీసాలోకి దిగితే చాలు, హెపటైటిస్ సి అందరికీ అంటుకోవచ్చు. పరీక్షలో లేదని వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి, కొత్తగా అంటింది మొదట్లో బయటపడదు. హెపటైటిస్ సి ఉంటే భయపడాల్సిన పని లేదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద గోలీలు ఉచితం, ఎక్కువమందికి 12 వారాల్లో నయమవుతుంది. హెపటైటిస్ బి లేకపోతే టీకా మూడు డోసులు వేయించుకోవాలి, మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

మూత్ర పరీక్ష కిట్ గురించి కూడా చెప్పాలి. మామూలు కిట్‌లో గంజాయి, ఓపియం జాతి, కొకైన్, యాంఫెటమైన్, ఐస్, ఆల్ప్రాజోలం జాతికి గడులుంటాయి. మెఫెంటర్మైన్‌కు ప్రత్యేకంగా గడి ఉండదు. దానిలో లేదని వచ్చిందని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండటానికి లేదు. అటు ఉందని వచ్చినా నేరుగా నమ్మకూడదు. జలుబు మందులోని సూడోఎఫిడ్రిన్, డాక్టరు రాసిన బ్యుప్రోపియాన్ కూడా యాంఫెటమైన్ గడిలో గీత చూపించగలవు. అందుకని నాకు ప్రతి విజిట్‌లో నాడి, బీపీ చూసి, రెండు చేతులు, పాదాలు, మోకాళ్ల వెనక నరాల మీద కొత్త సూది గుర్తులున్నాయేమో చూసేవారు. మొదట చిన్నతనంగా ఉంటుంది. కానీ ఇంట్లో అమ్మ రోజూ జేబులు వెతకడం కన్నా దవాఖానలో వారానికోసారి చేయి చాపడం ఎంతో నయం. ఆ పని దవాఖానకు అప్పగించి ఇంట్లో సోదా ఆపేయాలని మొదటి సిట్టింగ్‌లోనే ఒప్పందం చేసుకోవాలి.

మొదటి వారం చేయాల్సింది తక్కువ. నిద్రపోతే లేపొద్దు. రోజుకు పన్నెండు గంటలకు మించి పడుకున్నా పర్వాలేదు, మధ్యలో లేచినప్పుడు నీళ్లు, మజ్జిగ, ఏదో ఒక తిండి అందుబాటులో ఉండాలి. జొన్న గట్క, పప్పన్నం, గుడ్డు, అరటిపండు ఏదైనా సరే. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పొద్దున, సాయంత్రం చూసి రాసి పెట్టాలి. 180/120 దాటినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పక్క చేయి కాలు పడినట్టున్నా 108కి ఫోన్ చేయాలి. సూది గుచ్చిన చోట ఎర్రబడి వాచి జ్వరం వస్తే అదే రోజు సర్జరీ ఓపీకి పోవాలి, ఇంట్లో పిండకూడదు.

ఈ వారంలో అసలు ప్రమాదం దిగులు. ఒక్కసారిగా చీకటి కమ్మినట్టుంటుంది, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంది. మన పత్తి చేను ఇళ్లలో పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలు కొట్టంలోనో మంచం కిందో ఉంటాయి. వైద్యం మొదలుపెట్టే ముందు రోజే వాటిని ఇంటి నుంచి తీసేసి వేరేవాళ్ల దగ్గర తాళంలో పెట్టించండి. గోలీల డబ్బా కూడా ఒకరి చేతిలోనే ఉండాలి, ఏ పూటది ఆ పూట ఇవ్వాలి. ఆ ఆలోచన తీవ్రమైనది, నిమిషాల్లో వచ్చి కొంతసేపటికి తగ్గుతుంది. ఆ కొంతసేపు చేతికి విషం అందకపోతే మనిషి దక్కుతాడు. రాత్రి పూట మాట్లాడటానికి టెలి మానస్ 14416 ఉంది, ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన గట్టిగా ఉన్నా, ఎవరో వెంటాడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని కొట్టబోతున్నా, ఓపీ వైద్యం సరిపోదు. కొన్నాళ్లు వార్డులో ఉండాల్సిందే.

గోలీల సంగతి త్వరగా చెప్తాను. అనుమానాలు, మాటలు వినిపించడం ఉంటే ఒలాంజపిన్ లేదా రిస్పెరిడోన్ తక్కువ మోతాదులో కొన్ని వారాలు. నిద్ర, దిగులు కోసం రాత్రి మిర్టజపిన్. దిగులు తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడో రోజు పని చేయలేదని మానేయొద్దు. మిర్టజపిన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి. జిమ్ చేసినవాళ్లకు బరువు పెరగడం తట్టుకోలేని విషయం, ఈ ఒక్క కారణంతో గోలీ మానేసేవాళ్లున్నారు. మానేసేముందు డాక్టరుకు చెప్తే వేరేది చూస్తారు.

రెండో వారం నుంచి కౌన్సెలింగ్. విదేశాల్లో మ్యాట్రిక్స్ మోడల్ అని 16 వారాల పద్ధతి ఉంది, లాస్ ఏంజెలెస్‌లో 1980లలో మొదలైంది. ఆస్పత్రిలో పడుకోకుండా, వారానికి చాలాసార్లు గ్రూపుల్లో కూర్చుంటారు. జిల్లా దవాఖానలో రోజూ అంత తీరిక దొరకదు. దాన్లోంచి తీసుకోగలిగినవి తీసుకుని, వారానికి ఒక సిట్టింగ్, మధ్యలో ఒక ఫోన్‌గా చేసుకున్నాం. నడిపించేది ఒక నోటుబుక్. రేపటి రోజును ముందు రాత్రే గంట గంటకు రాయాలి. నిద్ర లేచే టైమ్, తిండి, పని, సాయంత్రం ఎవరితో. మనసుకు తోచినప్పుడు చేద్దామంటే ఈ జబ్బులో మనసుకు తోచేది ఒక్కటే ఉంటుంది. ఖాళీ గంట ఎక్కడుందో అక్కడే గుంజుడు, అంటే సూది కావాలని లాగడం, మొదలవుతుంది.

గుంజుడు వచ్చినప్పుడు రాయాల్సినవి నాలుగు. ఎక్కడున్నాను, ఎవరితో, అంతకు ముందు ఏం జరిగింది, ఎంతసేపుంది. రెండు వారాలు రాశాక లెక్క తేలుతుంది. మామూలుగా పావుగంట, అరగంటలో అది పైకి లేచి దిగిపోతుంది, ఆ సమయం గడపడమే పని. నాలాగే మానుతున్న మా గ్రూపులో అందరికీ దాదాపు ఒకే చోట్ల వచ్చేది. జిమ్‌కు పోయే సాయంత్రం వేళ, జీతం పడ్డ రోజు, స్పిరిట్ వాసన, మెడికల్ షాపు కౌంటర్ మీద ఇన్సులిన్ సిరంజిలు, అద్దంలో చేతి నరం, వ్యాయామం ముందు తాగే కెఫీన్ పౌడరు. ఈ చివరిది ఎవరూ పట్టించుకోరు. గుండె దడదడ కొట్టుకునే ఆ అనుభూతే మెదడుకు సూదిని గుర్తు చేస్తుంది. కాబట్టి ప్రీ వర్కవుట్ పౌడర్లు, ఎనర్జీ డ్రింకులు మొత్తం బంద్.

పాత జిమ్‌కు పోవద్దు. వ్యాయామం మాత్రం కావాలి, దిగులు తగ్గడానికి, నిద్రకు అది నిజంగా పని చేస్తుంది. డాక్టరు ఈసీజీ చూసి సరే అన్నాక నడకతో మొదలుపెట్టాలి. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పొద్దున నడిస్తే చాలు. పొద్దున ఎందుకంటే సాయంత్రం పాత స్నేహితులు తిరిగే వేళ.

డబ్బు దారి మూసేయడం అన్నిటికన్నా తేలికైన, అన్నిటికన్నా పని చేసే పని. జీతం ఖాతాకు ఫోన్‌లో యూపీఐ తీసేయాలి, రోజు ఖర్చుకు చిల్లర నోట్లు చేతికి తీసుకోవాలి. అమ్మేవాడి నంబరు తీసేస్తే సరిపోదు, సిమ్ మార్చాలి, ఎందుకంటే వాడే ఫోన్ చేస్తాడు.

బహుమతి పద్ధతి గురించి విన్నవాళ్లు తక్కువ. ఇలాంటి ఉత్తేజక మందుల విషయంలో ఎక్కువ రుజువు ఉన్న వైద్యం ఇదే. శుభ్రంగా ఉన్నట్టు తేలిన ప్రతిసారీ అక్కడికక్కడే చిన్న బహుమతి, వరుసగా నిలబడితే విలువ పెరుగుతుంది, తప్పితే మళ్లీ మొదటి విలువకు వస్తుంది. ఇంట్లో ఎవరైనా చేయొచ్చు, మాకు అక్కాబావ చేశారు. మొదటి వారం 50 రూపాయలు, వారానికి 25 పెంచుతూ. దవాఖాన చీటీ మీద ఆ వారం సంతకం ఉంటేనే ఇస్తారు, గదమాయింపు ఉండదు, తప్పితే తిట్టు కూడా ఉండదు. ఇచ్చేది ఆలస్యం చేసినా, నెలాఖరున మొత్తం ఇస్తామన్నా పని చేయదు. నగదు బదులు వస్తువో రీచార్జో ఇస్తే మేలు.

ఇంతవరకూ ఓపిక పట్టే ఇళ్లు కూడా తప్పేది మూడో వారం తర్వాత. మనిషి తింటాడు, పడుకుంటాడు, మొహం తేటపడుతుంది. "మంచిగయిండు, ఇంక దవాఖాన ఎందుకు?" అంటారు. లోపల మాత్రం అప్పుడే ఏ రుచీ తెలియని కాలం మొదలవుతుంది. పండగ కూర, క్రికెట్ మ్యాచ్, పిల్లల ఆట దేనికీ మనసు కదలదు. ఐస్ వాడి మానినవాళ్ల మెదడు స్కాన్లు చూసిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. మెదడులో డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకునే భాగాలు ఏడాది దాటి శుభ్రంగా ఉన్నాక గానీ బాగా కోలుకోలేదు. మెఫెంటర్మైన్‌కు కచ్చితంగా అంతే అని చెప్పను గానీ, నెలలు పడుతుందని మా గ్రూపులో ప్రతి ఒక్కరిలో చూశాను. ఈ కాలంలో ఇంట్లోవాళ్లు బద్ధకమనుకుని పెళ్లి సంబంధాలు, అప్పులు, పొలం పంచాయితీలు అన్నీ ఒక్కసారే ముందు పెడతారు. దయచేసి ఆ మూడు నాలుగు నెలలు ఆగండి. ఇంట్లోవాళ్లను కనీసం రెండు సిట్టింగులకు తీసుకుపోవాలి, ఈ సంగతి డాక్టరు నోట వింటేనే నమ్ముతారు.

దసరా దావత్‌లో, పీర్ల పండుగలో "కల్లే కదా" అని చేతికిస్తారు. మత్తు ఏదైనా సరే, వద్దని చెప్పే బలాన్ని తగ్గిస్తుంది. మా గ్రూపులో మళ్లీ సూదికి పోయినవాళ్లలో ఎక్కువమంది ముందు తాగే పోయారు.

ఒకసారి జారితే అదే రోజు డాక్టరుకు, వెంట ఉండే ఆ ఒక్కరికి చెప్పాలి. ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. కొన్ని వారాలు మానాక ఒళ్లు పాత మోతాదును తట్టుకోదు, బీపీ ఒక్కసారి ఎగిసి మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. ఇంట్లో ఆ పూట పంచాయితీ పెట్టొద్దు. మరుసటి సిట్టింగ్‌లో ఆ ముందు రెండు రోజులు గంట గంటకు రాసుకుని, ఎక్కడ ఖాళీ పడిందో చూసి, నోటుబుక్‌లో ఆ ఖాళీ నింపుతారు.

ఓపిక నశించి కొందరు తాళాలు వేసే ప్రైవేటు సెంటర్లకు పంపుతారు. పంపే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, చూపించకపోతే వెనక్కి రండి. సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తాడు, ఇంట్లోవాళ్లను కలవనిస్తారా అని కూడా అడగాలి. అన్నంలో కలిపే పొడులు అమ్మేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. కొన్నింట్లో తాగుడు మాన్పించే డైసల్ఫిరాం ఉంటుంది, తెలియకుండా తిన్న మనిషి కల్లు తాగితే ప్రాణాపాయం, సూది అలవాటుకు దానితో ఏ ఉపయోగమూ లేదు.

నాలుగు నెలల తర్వాత విజిట్లు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి అవుతాయి. గోలీలు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపుతారు. ఓపీ పుస్తకం పారేయొద్దు. తర్వాతెప్పుడైనా హెర్నియాకో, విరిగిన కాలికో ఆపరేషన్ పడితే మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పాలి, బీపీ పెంచడానికి వాళ్ల చేతిలో సిద్ధంగా ఉండే మందుల్లో ఇదీ ఒకటి. ఫినైలెఫ్రిన్ వంటి వేరే మందులున్నాయి, ముందుగా తెలిస్తే ఏది వాడాలో వాళ్లు చూసుకుంటారు. నా పుస్తకం అట్ట లోపలి పేజీలో మా డాక్టరు దీన్ని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టారు. మీరు కూడా అడిగి రాయించుకోండి.